ఎర్ర గీతలు

గౌతమీ గోదావరి సముద్రంలో కలవడానికి కొంచెం ముందు, దాని ఎడమగట్టున యానాం పట్టణం ఉన్నది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, నడుమ పుదుచ్చేరి పాలనలోని ఈ చిన్న ప్రాంతం. 1954 వరకు ఇది ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. ఇక్కడి ప్రజల భాష మాత్రం అప్పుడూ ఇప్పుడూ తెలుగే. యానాం ప్రాంతంలోని గ్రామాలలో కనకాలపేట ఒకటి. ఈ ఊరివారికి పుదుచ్చేరి నగరం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. కాకినాడ సుమారు ముప్పై కిలోమీటర్లు. పొరుగున ఉన్న ఇంజరం, నీలపల్లి గ్రామాలు తాళ్లరేవు మండలానికి చెందినవి. పెళ్లిళ్లకు, బేరసారాలకు, వైద్యానికి ఇటువారు అటు, అటువారు ఇటు వెళ్లి రావడం ఎప్పుడూ ఉన్నదే.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. బస్సులు నిలిచిపోయాయి. అంతవరకు పటంలో మాత్రమే కనిపించే సరిహద్దు గీత రోడ్డు మీద అడ్డుకర్రగా మారింది. కరోనా అనే కొత్త వైరసు వలన కలిగే కోవిడ్-19 వ్యాధికి అప్పటికి టీకా లేదు. వైరసును అణచగలదని రుజువైన మందూ లేదు. ఎవరైనా దగ్గితే చాలు, పక్కవారు రెండడుగులు వెనక్కు వేసే రోజులవి. “మన ఊరికి వచ్చిందా, రాలేదా?” అన్న ప్రశ్నే అందరి నోళ్లలోనూ ఉండేది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ప్రయోగశాల. ఆనాటికి నమ్మదగిన పరీక్ష ఆర్‌టి-పిసిఆర్. ముక్కు నుంచి, గొంతు నుంచి దూదిపుల్లతో నమూనా తీసి, మంచుపెట్టెలో భద్రపరచి ప్రయోగశాలకు పంపాలి. అక్కడ వైరసు యొక్క జన్యుపదార్థాన్ని వేరుచేసి, యంత్రం సాయంతో దానిని కోట్ల రెట్లు పెంచి, ఉన్నదో లేదో కనిపెడతారు. ఈ పని కొన్ని గంటలు పడుతుంది. నమూనాలు గుట్టలుగా వచ్చిపడితే జవాబు రోజుల తరువాత గాని రాదు. కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాల ప్రయోగశాల ఈ పరీక్షకు భారత వైద్య పరిశోధన మండలి గుర్తింపు పొందింది. అయితే మొదటి రోజులలో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద అటువంటి ప్రయోగశాలలను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

ఇటువంటి సమయంలో వేలెడంత ప్లాస్టిక్ కార్డు ఒకటి అందరినీ ఆకర్షించింది. దీనికి పెద్ద యంత్రం అవసరం లేదు, మంచుపెట్టె అవసరం లేదు. వేలికొనను సూదితో పొడిచి ఒక చుక్క రక్తం తీసి కార్డు మీద వేస్తే, పదిహేను నిమిషాలలో ఎర్రని గీతలు తేలుతాయి. ఒక గీత వస్తే “లేదు”, రెండో గీత వస్తే “ఉన్నది” అని జనం అనుకున్నారు. కాని ఆ కార్డు అడిగే ప్రశ్న వేరు. జనం అడిగే ప్రశ్న వేరు. ఈ తేడా తెలియాలంటే రక్తంలో జరిగే పనిని కొంత తెలుసుకోవాలి.

రోగక్రిమి గాని వైరసు గాని శరీరంలో ప్రవేశించినప్పుడు, దానిని పట్టి బంధించడానికి శరీరం కొన్ని ప్రత్యేకమైన మాంసకృత్తులను తయారు చేస్తుంది. వీటిని ప్రతిరక్షకాలు అంటారు. యాంటీబాడీలు అన్న మాట కూడా ఇప్పుడు పల్లెల్లో వాడుకలోకి వచ్చింది. ఏ క్రిమికి తగిన ప్రతిరక్షకం ఆ క్రిమికే ఉంటుంది. అయితే ఇవి పిలిచిన వెంటనే వచ్చేవి కావు. కొత్త వైరసును గుర్తించి, తగిన ప్రతిరక్షకాలను తగినంతగా తయారు చేయడానికి శరీరానికి కొన్ని రోజులు కావాలి. కరోనా విషయంలో ఐ.జి.ఎమ్. అనే రకం లక్షణాలు మొదలైన సుమారు వారానికి, ఐ.జి.జి. అనే రకం సుమారు రెండు వారాలకు రక్తంలో కనిపించే స్థాయికి చేరతాయి. ఐ.జి.ఎమ్. త్వరగా తగ్గిపోతుంది. ఐ.జి.జి. నెలల తరబడి నిలుస్తుంది.

కాలువగట్టు మీద తడిమట్టిలో పడిన అడుగుజాడ వంటివి ఈ ప్రతిరక్షకాలు. ఎవరో ఇటు నడిచి వెళ్లారని ఆ జాడ చెబుతుంది. వారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో చెప్పదు. ఇప్పుడే గట్టు ఎక్కుతున్నవాని జాడ ఇంకా పడనే లేదు.

ప్రతిరక్షకాలను బట్టి రోగాన్ని గుర్తించడం కొత్త విద్య కాదు. రక్తరసంలో ఇటువంటి రక్షక పదార్థాలు ఉంటాయని 1890లో బెర్లిన్ నగరంలో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రజ్ఞులు చూపించారు. 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విదాల్ అనే వైద్యుడు టైఫాయిడ్ రోగి రక్తరసాన్ని టైఫాయిడ్ క్రిములతో కలిపి, ఆ క్రిములు గుంపులు గుంపులుగా ముద్దకట్టడం గమనించి, దానిని రోగ నిర్ధారణకు వాడాడు. తెలుగునాట చిన్న ఊళ్లలోని రక్తపరీక్ష కేంద్రాల్లో సైతం “వైడల్ టెస్టు” పేరుతో వినిపించేది ఆయన పేరే. విదాల్ ఆ పరీక్షను లోకానికి చెప్పిన నాడు యానాం ఫ్రెంచివారి పాలనలోనే ఉన్నది.

వైడల్ పరీక్షకు గల లోపాలు కూడా వైద్యులకు పాతవే. జ్వరం వచ్చిన మొదటి వారంలో చేస్తే రోగం ఉన్నా అది బయటపడకపోవచ్చు. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే ప్రాంతాలలో, ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం వలన ఆరోగ్యవంతుని రక్తంలోనూ ప్రతిరక్షకాలు ఉంటాయి. అందుకే జాగ్రత్త గల వైద్యుడు ఒక్కసారి చేసిన పరీక్షను నమ్మడు. వారం పది రోజులు ఆగి మళ్లీ చేయించి, ప్రతిరక్షకాల మోతాదు పెరిగిందా అని చూస్తాడు. నూరేళ్లకు పైగా తెలిసిన ఈ సంగతి 2020 ఏప్రిల్‌లో, ఆ తొందరలో, చాలామందికి గుర్తు రాలేదు.

ఇక కార్డు పనిచేసే తీరు ముచ్చటైనది. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్లు, కార్డు లోపలి సన్నని పట్టీ రక్తంలోని ద్రవాన్ని ఒక చివర నుంచి మరొక చివరకు లాక్కొని పోతుంది. దారిలో మొదట తగిలేవి అతి సూక్ష్మమైన బంగారు రేణువులు. వాటికి వైరసులోని మాంసకృత్తి అంటించి ఉంటుంది. రక్తంలో కరోనాకు తగిన ప్రతిరక్షకాలు ఉంటే అవి ఆ రేణువులను పట్టుకొని ముందుకు సాగుతాయి. పట్టీ మీద ఒకచోట ఐ.జి.ఎమ్.ను, మరొకచోట ఐ.జి.జి.ని పట్టి ఆపే పదార్థాలను గీతలుగా పూసి ఉంచుతారు. ప్రతిరక్షకాలు అక్కడ చిక్కుకుంటే, వాటితోపాటు బంగారు రేణువులూ పోగుపడి ఎర్రగీతగా కనిపిస్తాయి. చివర ఉండే మరొక గీత పరీక్ష సరిగా జరిగిందని తెలిపే గుర్తు. ఆ గీత రాకపోతే మిగిలినవి వచ్చినా ఆ కార్డు పనికిరాదు. చెప్పిన సమయం దాటిన తరువాత చూసినా లెక్కలోకి రాదు.

బంగారం పసుపుపచ్చగా కదా ఉండవలసింది, గీత ఎర్రగా ఎందుకు ఉన్నది అని అడగవచ్చు. తలవెంట్రుక మందంలో సుమారు రెండువేల వంతు ఉండే రేణువులుగా చేస్తే బంగారం నీటిలో కెంపురంగుగా కనిపిస్తుంది. మైకేల్ ఫారడే 1857లోనే ఈ వింతను పరిశీలించి వివరించాడు. కనకాలపేట పేరులో వినిపించే కనకం ఈ కార్డులోనూ ఉన్నదన్నమాట!

2020 ఏప్రిల్ 4న భారత వైద్య పరిశోధన మండలి, వ్యాధి ఎక్కువగా ఉన్న చోట్ల ఈ కార్డులను ఎట్లా వాడాలో సూచనలు విడుదల చేసింది. కార్డులో ఏమీ కనిపించకపోయినా ఆర్‌టి-పిసిఆర్ అవసరం కావచ్చునన్న హెచ్చరిక అందులోనే ఉన్నది. ఏప్రిల్ 16న చైనా నుంచి సుమారు ఐదు లక్షల కిట్లు దేశానికి బయలుదేరాయి. మరునాడు దక్షిణ కొరియా నుంచి తెప్పించిన లక్ష కిట్లు ఆంధ్రప్రదేశ్‌కు చేరాయి. నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ఆ కిట్టుతో తాను మొదట పరీక్ష చేయించుకున్నారు. ఫలితం నెగెటివ్ అని పత్రికలు రాశాయి. ఆ ఫలితానికి సరైన అర్థం, ఆ రోజున ఆయన రక్తంలో కార్డుకు అందినంత ప్రతిరక్షకాలు లేవని మాత్రమే.

కొద్ది రోజులకే చిక్కులు మొదలయ్యాయి. చైనా కిట్లు వాడిన రాజస్థాన్ ప్రభుత్వం, వ్యాధి ఉన్నట్లు ముందే తెలిసినవారిలో నూటికి 5.4 మందిని మాత్రమే ఆ కార్డులు పట్టుకోగలిగాయని ఏప్రిల్ 21న ప్రకటించి వాటిని పక్కన పెట్టింది. ఇతర రాష్ట్రాలలోనూ ఫలితాలు నూటికి 6 నుంచి 71 వరకు హెచ్చుతగ్గులుగా ఉన్నాయని పరిశోధన మండలి తెలిపింది. రెండు రోజులు వాడకం ఆపమన్నది. ఏప్రిల్ 27న రెండు చైనా కంపెనీల కిట్లను తిరిగి పంపివేయమని రాష్ట్రాలకు రాసింది. కిట్లు నాసిరకమన్న మాటే అప్పుడు గట్టిగా వినిపించింది. అందులో నిజం ఉన్నది. కాని ఎంత మేలైన కార్డు అయినా, మొదటి వారంలో ఉన్న రోగిని పట్టుకోలేదు. ఆ సంగతి కిట్లను తిప్పి పంపినంత మాత్రాన మారేది కాదు.

దీని వలన కలిగే ప్రమాదం తెలియాలంటే కనకాలపేటలో ఒక ఇంటిని ఊహించుకోవాలి. పనికోసం దూరదేశం వెళ్లిన మనుమడు ఊరికి తిరిగి వచ్చాడు. దారిలో అతనికి వైరసు సోకి నాలుగు రోజులైంది. జ్వరం లేదు, దగ్గు లేదు. కార్డు పరీక్షలో గుర్తుగీత ఒక్కటే వచ్చింది. గుమ్మంలో నిలబడిన నాయనమ్మ సంబరపడిపోయింది.

“ఒక్క గీతే కదరా నాన్నా! ఇంకేం భయం? లోపలికి రా, అన్నం తిందువుగాని.”

పక్కనే ఉన్న నర్సమ్మ అడ్డు వచ్చింది. “ఆగండి మామ్మగారూ! జబ్బు లోపల ఉన్నా ఈ గీత ఇప్పుడే రాదు. ముక్కులోంచి తీసిన నమూనా కాకినాడ వెళ్లి, జవాబు రానివ్వండి. అందాకా అబ్బాయి వీధి అరుగు మీదే ఉంటాడు. కంచం అక్కడికే పంపండి.”

“మనవణ్ణి వీధిలో కూర్చోబెట్టి తిండి పెట్టమంటావా తల్లీ? ఊళ్లో వాళ్లు ఏమనుకుంటారు?”

“అనుకోనివ్వండి. మీకు బి.పి., షుగరు రెండూ ఉన్నాయి కదా.”

నర్సమ్మ మాటే సరైనది. ఈ వైరసు లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచి, కనిపించిన తరువాత మొదటి వారంలోనే ఎక్కువగా ఇతరులకు అంటుకుంటుంది. ప్రతిరక్షకాలు కనిపించే సరికి ఆ ప్రమాదకాలం చాలావరకు గడిచిపోతుంది. అందుచేత “ఇతని వలన ఇప్పుడు ఇంటివారికి ముప్పు ఉన్నదా?” అని అడిగితే, ఈ కార్డు దాదాపు నోరు విప్పదు. 2020 జూన్ 14న అనుమతి పొందిన యాంటిజెన్ కార్డు వేరు. అది రక్తాన్ని కాక ముక్కులోని నమూనాను తీసుకొని, నేరుగా వైరసులోని మాంసకృత్తినే వెదకుతుంది. రెండు కార్డులూ చూడటానికి ఒకటే. పేర్లు కూడా దగ్గర దగ్గరగా ఉండటం వలన చదువుకున్నవారు సైతం ఒకదానిని మరొకటిగా పొరబడ్డారు. యాంటిజెన్ కార్డు కూడా నూటికి 50 నుంచి 84 మంది రోగులనే పట్టుకోగలదని అనుమతి ఇచ్చిననాడే చెప్పారు. అందుచేత లక్షణాలున్న వ్యక్తికి ఆ కార్డులో “లేదు” అని వస్తే ఆర్‌టి-పిసిఆర్ చేయవలసిందేనన్న నియమం పెట్టారు.

ఒక గీత వచ్చినవాని సంగతి అది. రెండో గీత వచ్చినవానికి మరొక చిక్కు ఉన్నది. అది లెక్క చేస్తేనే బోధపడుతుంది. వెయ్యిమంది ఉన్న ఒక ఊరిలో పదిమందికి మాత్రమే వైరసు సోకి తగ్గిందనుకోవాలి. వ్యాధి సోకిన ప్రతి పదిమందిలో తొమ్మండుగురిని పట్టుకోగల మంచి కార్డునే తీసుకుందాం. సోకనివారు నూరుమంది ఉంటే 95 మంది విషయంలో అది సరిగానే చెబుతుంది. అయిదుగురి విషయంలో పొరబడుతుంది. ఊరందరికీ పరీక్ష చేస్తే, సోకిన పదిమందిలో 9 మందికి గీత వస్తుంది. సోకని 990 మందిలో నూటికి అయిదుగురు చొప్పున సుమారు 50 మందికి కూడా గీత వస్తుంది. మొత్తం 59 మంది. వారిలో నిజంగా వ్యాధి వచ్చిపోయినవారు తొమ్మండుగురే! మిగిలిన 50 మందీ “మాకు వచ్చి తగ్గిపోయింది, ఇక రాదు” అని ధైర్యంగా తిరుగుతారు. లేదా ఇరుగుపొరుగువారు వారిని అనుమానంగా చూస్తారు. రెండూ చెరుపే.

అదే ఊరిలో 144 మందికి సోకి ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు సుమారు 130 మందికి నిజమైన గీత, 43 మందికి తప్పు గీత వస్తాయి. గీత వచ్చిన ప్రతి నలుగురిలో ముగ్గురికి అది నిజమే. కార్డు మారలేదు, ఊరి పరిస్థితి మారింది. పరీక్ష విలువ పరీక్షలోనే కాక, పరీక్ష చేసిన చోటును బట్టి కూడా ఉంటుందన్నది వైద్య విద్యార్థులు సైతం ఆలస్యంగా గ్రహించే విషయం.

మరి ఈ ప్రతిరక్షకాల పరీక్ష దేనికీ కొరగాదా? అట్లా అనుకోవడం కూడా పొరపాటే. ఒక్క మనిషి విషయంలో గీత తప్పో ఒప్పో విడదీసి చెప్పడం కష్టం. జనసమూహం విషయంలో ఆ తప్పును లెక్కగట్టి తీసివేయవచ్చు. పై ఊరిలో 59 మందికి గీత వచ్చినప్పుడు, కార్డు నూటికి అయిదు తప్పులు చేస్తుందని ముందే తెలిసి ఉంటే, సుమారు 50 తీసివేసి 9 అని, పదికి ఒకటి జారిపోతుంది గనుక అసలు 10 అని చెప్పవచ్చు. ఆ పదిమంది ఎవరో చెప్పలేము. ఊరిలో వ్యాధి ఎంత మేరకు పాకిందో చెప్పగలము. ప్రజారోగ్య ప్రయోగశాలకు కావలసింది ఇదే. దీనినే సీరో సర్వే అంటారు. ఇందుకు తొందర అక్కర లేదు కనుక, వేలిచుక్క కార్డుకు బదులు నరం నుంచి రక్తం తీసి, ఎలిసా అనే మరింత నమ్మకమైన పద్ధతిలో పరీక్షించే వీలుంటుంది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ 2020 మే నాటికి ఇందుకోసం స్వదేశంలోనే ఒక ఎలిసా కిట్టును రూపొందించింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ప్రకటించిన సర్వే ఫలితాల ప్రకారం తూర్పు గోదావరి జిల్లాలో నూటికి 14.4 మంది రక్తంలో ప్రతిరక్షకాలు ఉన్నాయి. కృష్ణా జిల్లాలో 21.7, నెల్లూరులో 8.2. రాష్ట్రం మొత్తం మీద 19.7. ఈ అంకెలలోని విశేషం వెంటనే కనిపించదు. అయిదు కోట్ల జనాభాలో 19.7 శాతం అంటే కోటికి దగ్గర. అప్పటికి పరీక్షలలో బయటపడి రికార్డుకెక్కిన కేసులు అయిదు లక్షలకు కొంచెం పైన మాత్రమే. అనగా వ్యాధి సోకిన ప్రతి ఇరవై మందిలో సుమారు పందొమ్మిది మంది రికార్డులలో లేరు. వారిలో అనేకులకు తమకు సోకిన సంగతే తెలియదు. అడుగుజాడలు చూడకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

యానాం నాడు తూర్పు గోదావరి జిల్లా నడుమ ఉన్నా, ఆ జిల్లాలోనిది కాదు. కనుక 14.4 అన్న అంకె కనకాలపేటది కాదు, దాని పొరుగూళ్లది. మరొకవైపు పుదుచ్చేరి జిల్లాలో జిప్మెర్ వైద్య సంస్థవారు 2020లో మూడుసార్లు సర్వే చేశారు. ఆగస్టులో నూటికి 4.9, సెప్టెంబరులో 20.7, అక్టోబరులో 34.5 మందికి ప్రతిరక్షకాలు ఉన్నట్లు తేలింది. రెండు నెలలలో ఏడు రెట్లు! అది కనకాలపేట పాలనకు సంబంధించిన రాజధాని అంకె. ఊరు మాత్రం అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల ఎడంగా ఉన్నది. రెండు లెక్కల మధ్య పడిన ఇటువంటి చిన్న ఊళ్లు తమ సంగతి తెలుసుకోవాలంటే, వైరసు పుదుచ్చేరి నుంచి కాక కాకినాడ రోడ్డు మీదుగా, యెదుర్లంక వంతెన మీదుగా వస్తుందని గుర్తించి, పొరుగువారి అంకెనే చూసుకోవడం తెలివైన పని.

2021 జనవరి 16న దేశంలో టీకాలు వేయడం మొదలైంది. టీకా పని కూడా ప్రతిరక్షకాలను పుట్టించడమే కనుక, గీతకు మరొక అర్థం వచ్చి చేరింది. ఆ ఏడాది జూన్, జూలై నెలలలో జరిగిన నాలుగో జాతీయ సర్వేలో ఆరేళ్లు పైబడినవారిలో నూటికి 67.6 మందికి ప్రతిరక్షకాలు ఉన్నాయి. కొందరికి అవి వ్యాధి వలన, కొందరికి టీకా వలన, మరికొందరికి రెండింటి వలన కలిగినవి. ప్రయోగశాలలు ఇక్కడొక ఉపాయం చేశాయి. కోవిషీల్డు టీకా వైరసు పైముళ్లలోని మాంసకృత్తికి మాత్రమే ప్రతిరక్షకాలు పుట్టిస్తుంది. వైరసు లోపలి మాంసకృత్తికి కూడా ప్రతిరక్షకాలు కనిపిస్తే, ఆ మనిషికి నిజంగా వైరసు సోకి ఉండాలి. కాని కోవాగ్జిన్ టీకాను నిర్జీవం చేసిన పూర్తి వైరసుతో తయారు చేస్తారు. అది వేయించుకున్నవారి రక్తంలో రెండు రకాలూ ఉండవచ్చు. వారి విషయంలో ఈ ఉపాయం కూడా పనిచేయదు. అప్పుడు రక్తాన్ని వదిలి మనిషినే అడగాలి: “టీకా ఎప్పుడు వేయించుకున్నారు? ఏ టీకా? మధ్యలో జ్వరం ఏమైనా వచ్చిందా?”

అభ్యాసం

1. ప్రతిరక్షకాలను అడుగుజాడలతో ఎందుకు పోల్చారు? ఈ పోలిక ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు?
2. నాయనమ్మ, నర్సమ్మ మాటలలో ఎవరి మాటలో ఏ న్యాయం ఉన్నదో మీ సొంతమాటలలో రాయండి.
3. రెండువేల మంది ఉన్న ఊరిలో 40 మందికి వ్యాధి వచ్చి తగ్గింది. పాఠంలో చెప్పిన కార్డునే వాడితే ఎందరికి నిజమైన గీత, ఎందరికి తప్పు గీత వస్తాయి?
4. మీ ఇంటిలో లేదా వీధిలో ఎవరైనా వైడల్ పరీక్ష చేయించుకున్నారా? వైద్యుడు ఆ ఫలితాన్ని ఎట్లా వివరించాడో అడిగి తెలుసుకొని తరగతిలో చెప్పండి.
5. కొరగాదు, చెరుపు, ఎడంగా, వేళ్లమీద లెక్కపెట్టు – ఈ మాటలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.